చెవిపోగు లేకపోతే

ఆవు చస్తే ఎంత డబ్బు వస్తుందో బీమా కాగితం మొదటి పేజీలో ఉంటుంది. దాన్ని చదివి వినిపిస్తారు. ఎప్పుడెప్పుడు రాదో వెనక పేజీలో ఉంటుంది, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. మన తండాల్లో కొంపలు ముంచేది ఆ వెనక పేజీ.

పుంగనూరు పక్క తండాలో మా పిన్ని అప్పు తీసుకొని జెర్సీ ఆవును కొనింది. చెవికి పోగు వేసి, ఫోటో తీసి బీమా చేసినారు. గుట్టల్లో మేసే ఆవు కంపచెట్లకు చెవి రాసుకోక మానుతుందా? పోగు తెగిపోయింది. కొన్నాళ్లకు ఆవు జబ్బుచేసి చచ్చింది. పోగు లేదు కాబట్టి డబ్బు లేదన్నారు. పోగు పోతే వెంటనే తెలిపి కొత్తది వేయించుకోవాలట. ఆ మాట ఆమెకు తెలుగులో గానీ మా గోర్ బోలీలో గానీ ఎవరూ చెప్పలేదు. వేలిముద్ర మాత్రం మరిచిపోకుండా వేయించుకున్నారు. ఆవు పోయినా అప్పు కంతులు ఆగలేదు.

పోగు అడగడమే తప్పని నేననను. చచ్చిన ఆవూ బీమా చేసిన ఆవూ ఒకటేనని వాళ్లకూ తెలియాలి కదా. చెప్పకుండా దాచిన షరతు సంగతి వేరు. బీమా చేసుకున్నవాడికి తెలపని మినహాయింపును కంపెనీ అడ్డం పెట్టుకోకూడదని 2000లో మోడరన్ ఇన్సులేటర్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2022లో టెక్స్‌కో కేసు ఇంకా విచిత్రం. నేలమాళిగలో ఉన్న అంగడికి తెలిసే బీమా చేసి, కాలిపోయాక నేలమాళిగకు వర్తించదన్నారు. కోర్టు ఒప్పుకోలేదు.

మదనపల్లె దిక్కు టమోటా పెట్టేవాళ్లు విత్తనాల ప్యాకెట్టు వెనక కూడా చూడాలి. మొలవకపోతే తమ బాధ్యత విత్తనం ధర వరకేనని రాసుకునే కంపెనీలున్నాయి. మరి దున్నకం, ఎరువు, కూలి? నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద మన ఆంధ్ర రైతులు 2012లో సుప్రీంకోర్టు దాకా పోయి గెలిచారు. తగాదా వస్తే మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని ఒప్పందంలో ఉన్నా, రైతు వినియోగదారుల ఫోరానికి పోవచ్చని కోర్టు చెప్పింది.

ఇప్పుడు అది జిల్లా కమిషన్. కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, వకీలు లేకపోయినా ఫరవాలేదు. రెండేళ్లలోపు వేయాలి. పిన్ని అర్జీ నేనే రాసిచ్చాను. ఇంకా నడుస్తోంది.

కుప్పం దగ్గర మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలను ఇంట్లో ఉన్న బీమా కాగితం తెమ్మంటాను. ‘వర్తించదు’ అన్నచోటల్లా గీత గీయాలి. నిరుడు ఒక పిల్ల వాళ్ల నాయన బండి కాగితం తెచ్చింది. "సార్, బండిని దొంగలెత్తుకుపోతే దీంట్లో ఏమీ రాదు. ఎదుటివాళ్లకు తగిలితేనే వాళ్లకిస్తారంట" అంది. మరునాడు నాయన్ను వెంటబెట్టుకొని వచ్చింది, ఆయన నమ్మడం లేదని.