రాళ్లు వెళ్లిన దారిలో సైకిలు

పారిస్ చూడ్డం అయింది, ఈఫిల్ టవర్ ఎక్కడం అయింది, చేతిలో ఇంకా రెండు రోజులున్నాయి, ఎటు వెళ్లమంటారు అని ఎవరైనా అడిగితే నా జవాబు ఒకటే. రైలెక్కి బ్లువాలో దిగండి. గంటన్నర దారి. ఆ పూట ఊరు చూడండి, మర్నాడు పొద్దున్నే సైకిలెక్కండి. ల్వార్ నది ఒడ్డున బయల్దేరి, షాంబోర్ కోట చూసుకుని, షెవెర్నీ మీదుగా మళ్లీ బ్లువా చేరితే ఒక చుట్టు పూర్తవుతుంది. అంతా కలిపి సుమారు 50 కిలోమీటర్లు.

యాభయ్యా అని బెదిరిపోకండి. దారి దాదాపు చదునే. కాసేపు నది కట్ట, కాసేపు అడవి, ఆ తర్వాత ద్రాక్షతోటలు. కూడళ్లలో అంకెలు వేసిన బోర్డులుంటాయి. ఏ అంకె తర్వాత ఏ అంకెకి వెళ్లాలో చీటీ మీద రాసుకుంటే దారి తప్పరు. రోజూ గంటసేపు నడిచే అలవాటున్నవాళ్లు మధ్యమధ్య ఆగుతూ హాయిగా తొక్కేయొచ్చు. మోకాళ్లు మొరాయిస్తాయనుకుంటే బ్యాటరీ సైకిళ్లూ అద్దెకిస్తారు. అక్కడ బండ్లన్నీ రోడ్డుకి కుడివైపు నడుస్తాయి, మొదటి పది నిమిషాలూ ఆ సంగతి గుర్తుపెట్టుకోండి చాలు.

బస్సులో పోతే సరిపోదా అంటారా? పోవచ్చు. రోజుకి రెండు మూడు కోటలు చూపించే బస్సులు పారిస్ నుంచే ఉన్నాయి. అయితే బస్సు మనల్ని కోట గుమ్మంలో దింపుతుంది గానీ ఆ కోట అక్కడికి ఎలా వచ్చిందో చెప్పదు. అది తెలియాలంటే నది వెంట నెమ్మదిగా పోవాలి. నేను సైకిలనేది అందుకే.

ముందు బ్లువా కోట సంగతి. ఒకే ముంగిలి చుట్టూ నాలుగు కాలాల కట్టడాలున్నాయి. 13వ శతాబ్దపు సభాశాల, పన్నెండో లూయీ కట్టించిన ఎర్ర ఇటుకల భాగం, మొదటి ఫ్రాన్స్వా కట్టించిన చెక్కడాల మెట్ల భాగం, 1630ల్లో వాస్తుశిల్పి మాన్సార్ కట్టిన నిరాడంబరమైన రాతి భాగం. ముంగిట్లో నిలబడి ఒకసారి చుట్టూ చూస్తే నాలుగు వందల ఏళ్లు కళ్లముందుంటాయి. 1588 డిసెంబరు 23న మూడో ఆన్రీ రాజు, తన కిరీటానికే ముప్పుగా ఎదిగిన గీజ్ ప్రభువుని పిలిపించి అంగరక్షకుల చేత పొడిపించింది ఇక్కడే. అప్పుడు కింది అంతస్తులో రాజు తల్లి కాథరిన్ జబ్బుతో మంచాన ఉంది. రెండు వారాలు తిరక్కుండానే, 1589 జనవరి 5న, ఆవిడా అక్కడే కన్నుమూసింది.

ఇక సైకిలెక్కుదాం. బ్లువా వంతెన దాటాలి. 1716లో మంచుగడ్డల తాకిడికి పాత వంతెన కూలిపోతే, 1724 నాటికి కట్టి ముగించిన వంతెన ఇది. దాటగానే ఎడమకి తిరిగితే నది ఎగువకు పోయే దారి. వేసవిలో ల్వార్‌ని చూస్తే భద్రాచలం దగ్గర ఎండాకాలపు గోదావరి గుర్తొస్తుంది. ఇసుక తిన్నెలు, వాటి మధ్య పాయలు, తిన్నెల మీద గుడ్లు పెట్టే పక్షులు. దిగి కాళ్లు కడుక్కుందామని మాత్రం అనుకోకండి. అడుగున ఇసుక జరిగిపోతుంటుంది, సుళ్లూ ఉన్నాయి.

ఇంత మెత్తగా కనిపించే నదే 1846, 1856, 1866లో ఊళ్లు ముంచేసింది. ఆ వరదలు ఎంతవరకు వచ్చాయో ఒడ్డునున్న ఊళ్లలో గోడల మీద గీతలు చెక్కి ఉంచారు. మనం సైకిలు తొక్కే కట్టలు ఆ నదిని ఆపడానికి వందల ఏళ్లుగా జనం వేసుకుంటూ వచ్చినవి. ఒకప్పుడు ఇదే నదిలో, పడమట సముద్రం మీంచి వచ్చే గాలికి పెద్ద చదరపు తెరచాపలెత్తి పడవలు ఎదురీదుకుంటూ ఎగువకి పోయేవి. 1846లో ఓర్లియాన్ నుంచి టూర్‌కి రైలు పడ్డాక ఆ పడవల బతుకు ముగిసిపోయింది. గాలి మాత్రం ఉంది. మీ అదృష్టం బాగుంటే అది వీపున తోస్తుంది.

అలా పోతే సాన్-ద్యే అనే చిన్న ఊరొస్తుంది. చాలామంది ఆగరు. నన్నడిగితే ఈ చుట్టు మొత్తానికి కీలకం ఈ ఊరే. షాంబోర్ కోట రాళ్లు పడవల్లో వచ్చి దిగింది ఈ రేవులోనే. ఇక్కణ్నుంచి బండ్ల మీద అడవిలోకి తోలారు. మీరు ఇప్పుడు తొక్కబోయేది సరిగ్గా ఆ వైపే.

అడవి చుట్టూ 32 కిలోమీటర్ల గోడ. ద్వారం దాటి చెట్ల మధ్య కాసేపు తొక్కాక ఒక్కసారిగా షాంబోర్ బయటపడుతుంది. 1519లో మొదలైంది, 426 గదులు, 282 పొగగూళ్లు. ఇంతా కట్టించిన మొదటి ఫ్రాన్స్వా తన 32 ఏళ్ల ఏలుబడిలో ఇక్కడున్నది 72 రోజులు! నడిమధ్యన జంట మెట్లున్నాయి. రెండు వరసలు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పైకి పోతాయి. ఒకరు ఎక్కుతూ ఒకరు దిగుతూ కిటికీల్లోంచి చూసుకోవచ్చు గానీ ఎదురుపడరు. ఈ ఊహ లియొనార్డో డా వించీది అంటారు. రాతపూర్వకమైన ఆధారం లేదు గానీ, ఆయన రాజు అతిథిగా దగ్గర్లోని ఆంబ్వాజ్‌లో ఉండి, కట్టడం మొదలైన ఏడాదే పోయాడు. ఆయన గీసిన మోనాలిసా 1939లో యుద్ధానికి భయపడి పారిస్ వదిలి ఈ కోటకే చేరింది. పిల్లలుంటే ఈ కథ మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పండి.

అక్కణ్నుంచి బ్రాసియూ. 16వ శతాబ్దపు కొయ్య స్తంభాల సంత ఉంది, దాని నీడన తెచ్చుకున్న రొట్టె తినండి. తర్వాత షెవెర్నీ. తెల్లని రాతి భవనం. టిన్‌టిన్ బొమ్మల కథలు చదివినవాళ్లకి చూడగానే తెలిసిపోతుంది. వాటిలోని కెప్టెన్ హడాక్ ఇంటికి, ఆ బొమ్మలు గీసిన ఎర్జే ఈ భవనాన్నే నమూనాగా తీసుకుని, రెండు చివరలూ తీసేసి గీశాడు. యజమానుల కుటుంబం ఇప్పటికీ ఇక్కడే కాపురముంటోంది. వంద దాకా వేటకుక్కల్నీ పెంచుతున్నారు. చివరి పదిహేను కిలోమీటర్లూ పొలాలు, తోటలు, చిన్న ఊళ్లు దాటుకుంటూ పోతే మళ్లీ బ్లువా.

నా సలహా ఒక్కటి పాటించండి. షాంబోర్ లోపలికి మాత్రమే టికెట్టు కొని, షెవెర్నీని బయట్నుంచి చూసినా నష్టం లేదు. మేలోనో సెప్టెంబరులోనో వెళ్లండి, ఎండ తక్కువ, జనం తక్కువ. సాన్-ద్యే రేవులో మాత్రం ఆగకుండా పోకండి.