పారిస్‌లోని సాఫ్ట్‌వేర్ భాండాగారం: బైటు చెదరని వలస

ఫ్రెంచి ప్రభుత్వ కంప్యూటరు పరిశోధన సంస్థ అయిన ఇన్రియా ఆధ్వర్యంలో 2016లో పారిస్‌లో వెలుగుచూసిన సాఫ్ట్‌వేర్ హెరిటేజ్ అనే భాండాగారం, బహిరంగంగా దొరికే సోర్సు కోడును దాని మార్పుల చరిత్రతో సహా సేకరించి భద్రపరిచే పనిని చేపట్టింది. రాబర్టో డి కాస్మో, స్టెఫానో జాకిరోలీ దీని స్థాపకులు. 2017లో యునెస్కోతో దీనికి ఒప్పందం కుదిరింది. తాళపత్ర గ్రంథాలయంలో లాగా కట్టలు విప్పి చూసే వీలు ఇక్కడ ఉండదు. సేకరణ అంతా సర్వర్లలో ఉండి నెట్‌వర్కు మీద ఎవరికైనా తెరిచి ఉంటుంది కనుక, సందర్శకుడు చేయగలిగిన పర్యటన ఒక ఫైలు బయటి నుంచి లోపలికి వచ్చే దారి వెంట నడవడమే. ఆ దారిలో బైనరీ ఫైళ్లకు ఎదురయ్యే ప్రమాదాలు ప్రత్యేకంగా పరిశీలించదగినవి.

ఒక ప్రాజెక్టులోని ఫైళ్లను ఎవరు, ఎప్పుడు, ఎలా మార్చారో నమోదు చేసి, ఏ పాత దశనైనా తిరిగి చూపగల ఏర్పాటును వెర్షన్ కంట్రోల్ వ్యవస్థ అంటారు. 1980లలో పుట్టిన సీవీఎస్, 2004లో తొలి పూర్తి రూపం వెలువడిన సబ్‌వర్షన్, 2005లో వచ్చిన మెర్క్యూరియల్, గిట్ ఈ కోవలోనివి. భాండాగారం వీటిలో ప్రతి దానికీ లోడరు అనే వేర్వేరు ప్రోగ్రామును నడుపుతుంది. అది ఆయా వ్యవస్థ చరిత్రను చదివి అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఒకే నిర్మాణంలోకి మారుస్తుంది. అంటే పాత వ్యవస్థల నుంచి ఇక్కడికి వచ్చే ప్రతి ప్రాజెక్టూ ఒక వలసకు గురవుతున్నదే. సోర్సు కోడు పక్కనే బొమ్మలు, ఫాంట్లు, పరీక్షల కోసం ఉంచిన నమూనా దత్తాంశాలు, కంపైలు చేసిన ప్రోగ్రాములు కూడా ఉంటాయి. వరుసలుగా చదవదగిన అక్షరాలు కాక, ప్రతి బైటూ తన స్థానంలో ఉంటేనే అర్థమిచ్చే ఇటువంటి ఫైళ్లను బైనరీ ఫైళ్లు అంటారు.

దారిలో మొదటి ప్రమాదం సీవీఎస్ దగ్గరే ఉంది. యునిక్స్‌లో వరుస చివర 10 అనే ఒక్క బైటు ఉంటే, విండోస్‌లో 13, 10 అనే రెండు బైట్లుంటాయి. ఈ తేడా రచయితలకు అడ్డు కాకూడదని, విండోస్‌లో నడిచే సీవీఎస్ ఫైలును లోపలికి తీసుకునేటప్పుడు రెండిటినీ ఒకటిగా, బయటికి ఇచ్చేటప్పుడు ఒకదాన్ని రెండుగా మారుస్తుంది. పాఠ్యానికి మేలు చేసే ఈ ఏర్పాటు బైనరీ ఫైలుకు విధ్వంసకరం. బైట్లు యాదృచ్ఛికంగా పరచుకున్న ఫైలులో 13, 10 జంట సగటున 65,536 బైట్లకు ఒకసారి తారసపడుతుంది. జంట ఒంటరిగా మారాక, అక్కడ మొదట జంటే ఉందా, 10 మాత్రమే ఉందా అని చెప్పగల ఆధారమేదీ ఫైలులో మిగలదు. రెండో ప్రమాదం కీవర్డు విస్తరణ: ఫైలులో డాలరు గుర్తుల మధ్య ‘ఐడీ’ అన్న సంకేతం కనబడితే సీవీఎస్ అక్కడ ఫైలు పేరు, సంచిక సంఖ్య, తేదీ చేరుస్తుంది. కంపైలు చేసిన ప్రోగ్రాములలో మూల ఫైళ్ల నుంచి వచ్చిన ఇవే సంకేతాలు పొదిగి ఉండడం ఆ కాలంలో సర్వసాధారణం కనుక, అటువంటి ప్రోగ్రామును పాఠ్యంగా భద్రపరిస్తే దాని పొడవు మారి, ఆపై స్థానాలన్నీ జరిగిపోతాయి.

ఈ రెండిటినీ ఆపడానికి సీవీఎస్‌లో ‘కేబీ’ అనే గుర్తు ఉంది, కాని దాన్ని ఫైలును చేర్చేవారే గుర్తుంచుకుని పెట్టాలి. అంతకన్నా చిక్కు ఏమంటే, ఆ గుర్తు ఒక్కో సంచికకు కాక ఫైలు మొత్తానికి వర్తిస్తుంది. తొలుత పాఠ్యంగా ఉండి తరువాత బైనరీగా మారిన ఫైలుకు సరైన గుర్తు అంటూ ఉండదు. అయినా గుర్తు లేని ప్రతి ఫైలూ చెడినట్టు కాదు. యునిక్స్ యంత్రం నుంచి చేర్చిన బొమ్మ రిపోజిటరీలో, అంటే చరిత్ర అంతా నిలవ ఉండే చోట, చెక్కుచెదరకుండా ఉండి, విండోస్‌లోకి తీసినప్పుడు మాత్రమే చెడుతుంది. విండోస్ నుంచి పాఠ్యంగా చేర్చిన బొమ్మ నిలవలోనే చెడి ఉంటుంది. మొదటి రకానికి గుర్తు దిద్దితే చాలు, రెండో రకానికి అసలు ప్రతి వేరే చోట దొరకాలి. అందువల్ల వలస చేసేవారు బయటికి తీసిన ప్రతిని నమ్మక, నిలవలోని ఫైళ్లనే నేరుగా చదవడం అత్యవసరం.

ఈ నష్టం ఎంత వ్యాపించి ఉండేదో 1990ల మధ్యలో రూపొందిన పీఎన్‌జీ చిత్ర రూపం చెబుతుంది. ప్రతి పీఎన్‌జీ ఫైలూ 137, 80, 78, 71, 13, 10, 26, 10 అనే 8 బైట్లతో మొదలవుతుంది. 13, 10 జంట ఒకటిగా కుదించుకుపోయినా, చివరి 10 రెండుగా విస్తరించినా ఈ ముద్ర తప్పిపోయి, చిత్రాన్ని తెరిచే ప్రోగ్రాము వెంటనే పసిగడుతుంది. భవిష్యత్తులో జరగబోయే గాయాన్ని తానే చూపించేలా ఒక రూపాన్ని కల్పించిన ఆ దూరదృష్టి మెచ్చదగినది. పాత చరిత్రలలో చెడిన బొమ్మలను ఏరడానికి అది నేటికీ అక్కరకొస్తుంది.

తరువాతి వ్యవస్థలు ఊహ మీద ఆధారపడ్డాయి. గిట్ ఫైలు తొలి 8,000 బైట్లలో సున్నా బైటు కనబడితే బైనరీ అని తేల్చుకుంటుంది. సబ్‌వర్షన్ తొలి 1,024 బైట్లను చూసి, సున్నా ఉన్నా, ఆస్కీ అనే ఆంగ్ల లిపి సంకేతాల పరిధిని దాటిన బైట్లు మితిమీరినా, బైనరీ అన్న గుర్తు తగిలిస్తుంది. ఊహ తప్పినప్పుడు దాని ఫలితం రెండు దిక్కులా ఒకేలా ఉండదు: పాఠ్యాన్ని బైనరీ అనుకుంటే సౌకర్యం పోతుంది, బైనరీని పాఠ్యం అనుకుంటే ఫైలే పోతుంది. కనుక ఆధారం లేని చోట బైనరీగానే ఉంచడం వలసలో పాటించవలసిన నియమం.

పర్యటన చివరి మజిలీ భాండాగారం గర్భంలోని నామకరణ పద్ధతి. ఇక్కడ ఫైలు పేరు దాని బైట్ల నుంచే పుడుతుంది: బైట్లన్నిటినీ ఒక గణిత ప్రక్రియకు లోను చేసి తీసిన హ్యాష్ అనే సంఖ్య దాని గుర్తింపు అవుతుంది, ఒక్క బైటు మారినా సంఖ్య పూర్తిగా మారిపోతుంది. ఒక ప్రాజెక్టు పాత చరిత్రా, గిట్‌లోకి మారిన చరిత్రా రెండూ లోపలికి చేరితే, చెడని బొమ్మ రెండిటిలోనూ ఒకే సంఖ్యతో ఒకే వస్తువుగా నిలుస్తుంది. చెడినది రెండు వస్తువులుగా చీలి కనబడుతుంది. వలసకు ముందూ తరువాతా ప్రతి సంచికకూ ఈ సంఖ్యలను పోల్చిచూడడం కన్నా గట్టి పరీక్ష లేదు. తాజా సంచికను మాత్రమే పోల్చి ఊరుకునే అలవాటు ప్రమాదకరం, ఎందుకంటే మధ్య సంచికల్లోని నష్టం అందులో కనబడదు. 2015లో వచ్చిన గిట్ ఎల్ఎఫ్ఎస్ పద్ధతిలో పెద్ద ఫైలు వేరే చోట ఉండి, చరిత్రలో దాన్ని సూచించే చిన్న పాఠ్యం మాత్రమే ఉంటుంది. అటువంటి చోట చరిత్రను పూర్తిగా నకలు తీసినా అసలు ఫైళ్లను విడిగా తెచ్చుకోకపోతే ఖాళీ సూచికలే దక్కుతాయి.

తెలుగు పాఠ్యానికి ఈ విషయంతో సూటి సంబంధం ఉంది. వివిధ లిపుల అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమూ ఆస్కీ పరిధి దాటిన మూడు బైట్లు తీసుకుంటుంది. ‘అ’ అంటే 224, 176, 133. అచ్చ తెలుగులో రాసిన ఫైలులో ఖాళీలు, విరామ చిహ్నాలు తప్ప తక్కినవన్నీ ఇటువంటి బైట్లే కావడంతో సబ్‌వర్షన్ దాన్ని బైనరీగా ఎంచి, ఏ వరుస ఎలా మారిందో చూపించడానికి నిరాకరించే అవకాశముంది. బైట్లు భద్రంగానే ఉన్నా, రచన ఎదిగిన తీరు పాఠకుడికి అందదు. వలస సమయంలో ఆ గుర్తును తీసి, యూటీఎఫ్-8 పాఠ్యమన్న గుర్తు పెట్టి, వరుస చివరల మార్పిడిని మాత్రం ముట్టుకోకుండా ఉంచి, హ్యాష్ సంఖ్య మునుపటిదే అని సరిచూసుకోవాలి.