ప్రవాస ప్రేక్షకుడి బాధ్యత

తెలుగు వార్తా ఛానెళ్ల స్థాయి పడిపోయిందన్నప్పుడు నింద యాజమాన్యాల మీదికో, రాజకీయ పార్టీల మీదికో పోతుంది. ఆ పతనంలో చూసేవారికీ వాటా ఉంది. విదేశాల్లోని తెలుగువారి వాటా వారు అనుకునేదానికంటే పెద్దది.

భారతదేశంలో టీవీ రేటింగులను బార్క్ సంస్థ ఎంపిక చేసిన ఇళ్లలో మీటర్లు పెట్టి లెక్కిస్తుంది. డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్న ఇల్లు ఆ లెక్కలోకి రాదు. యూట్యూబ్‌లో అలా కాదు. తెలుగు ఛానెళ్లు చాలావరకు అక్కడ ప్రత్యక్ష ప్రసారాలు ఇస్తున్నాయి. వీడియోల మీద వచ్చే ప్రకటనల రాబడిలో 55 శాతం ఛానెల్‌కు చేరుతుంది. అమెరికా, బ్రిటన్‌లలో ప్రకటనల ధరలు ఎక్కువ కాబట్టి అక్కడ చూసినవారి వల్ల వచ్చే ఆదాయమూ ఎక్కువే.

ఈ లెక్కకు అభిమానం, అసహ్యం వేరు కావు. ఎంతసేపు చూశారన్నదానికి యూట్యూబ్ 2012 నుంచి పెద్దపీట వేస్తోంది. 2018 ఫిబ్రవరిలో నటి శ్రీదేవి దుబాయ్ హోటల్లో బాత్‌టబ్‌లో మునిగి చనిపోతే, ఒక తెలుగు ఛానెల్ విలేకరి బాత్‌టబ్‌లో పడుకుని ఆ మరణాన్ని అభినయించి చూపాడు. అలాంటి దృశ్యాన్ని తిడుతూ వాట్సాప్ గ్రూపుల్లో పంచినా దాన్ని పదిమందికి చేర్చినట్టే. ఊళ్లోని తల్లిదండ్రులకు, బంధువులకు విదేశం నుంచి వచ్చిన క్లిప్పు మీద నమ్మకం ఎక్కువ. అందుకే ఎన్నికల వేళ నిజానిజాలు చూసుకోకుండా పంపే ఒక వీడియో చేసే చెరుపు చిన్నది కాదు.

ప్రేక్షకులు, పాఠకులు తలచుకుంటే ఏం చేయగలరో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరం చూపింది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాట 97 మంది లివర్‌పూల్ ఫుట్‌బాల్ జట్టు అభిమానుల ప్రాణాలు తీసింది. నాలుగు రోజులకు బ్రిటన్‌లోని సన్ పత్రిక, నేరం అభిమానులదేనంటూ మొదటి పేజీలో తప్పుడు కథనం వేసింది. నగర ప్రజలు ఆ పత్రిక కొనడం మానేశారు. చాలా దుకాణాలు అమ్మడం మానేశాయి. 2012లో స్వతంత్ర కమిటీ నివేదిక ఆ ఆరోపణలకు ఆధారం లేదని తేల్చాక పత్రిక మొదటి పేజీలోనే క్షమాపణ చెప్పింది. అయినా నగరంలో చాలామంది ఇప్పటికీ దాన్ని ముట్టరు.

చెడ్డదాన్ని మానడంతో బాధ్యత తీరదు. మంచిదాన్ని పోషించాలి. స్టూడియోలో నలుగురిని కూర్చోబెట్టి అరిపించడానికి ఖర్చు తక్కువ. కాలువ చివరి పొలానికో, జిల్లా ఆస్పత్రికో విలేకరిని పంపి, వివరాలు సరిచూసుకుని రాయించడానికి డబ్బు, వ్యవధి రెండూ కావాలి. బ్రిటన్‌లో టీవీ చూసే ఇళ్లవారు బీబీసీ కోసం లైసెన్సు రుసుము కడతారు. అమెరికాలో ప్రజా రేడియో కేంద్రాలు శ్రోతల విరాళాలపై ఎంతో ఆధారపడతాయి. ఆ దేశాల్లో స్థిరపడిన తెలుగువారు నిజాయతీగల తెలుగు పత్రికకు చందా కట్టాలి, నిబ్బరంగా పనిచేసే చిన్న వార్తాసంస్థకు అండగా నిలవాలి. రెచ్చగొట్టే శీర్షికను తెరవకుండా వదిలేయాలి. నిర్ధారణ కాని క్లిప్పును తమ దగ్గరే ఆపాలి. ఇవి ఏ చట్టమూ అక్కర్లేని పనులు, ప్రతి ప్రేక్షకుడి చేతిలో ఉన్నవి.