రైళ్ళు ఆగిపోయిన వంతెన

రాజమండ్రి ఇల్లు అమ్మేశాక అమ్మ హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చేసింది. వచ్చినప్పటి నుంచి ఆ ఊరి పేరెత్తదు. నేనూ ఎత్తను. ఆఖరిసారి వెళ్ళినప్పుడు పుష్కర ఘాట్ దగ్గర తీసిన ఫొటో మాత్రం నా ఫోన్లో ఉంది. మొన్న మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, దాన్ని నీటిరంగుల్లో వేద్దామని కూర్చున్నాను.

ఉన్నదున్నట్టు వేస్తే అది బొమ్మ కాదండీ, పంచనామా. కరెంటు తీగలు, ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ తీసేశాను. హేవలాక్ వంతెనకి 56 స్పాన్లు. అన్నీ గీస్తే దువ్వెనలా ఉంటుంది. తొమ్మిదే గీసి, తడి ఆరకముందే మిగతావి వాన మసకలో కలిపేశాను. ఫొటోలో నది బూడిద రంగు. నాకు వరద గోదావరి కావాలి. బర్న్‌ట్ సియెన్నాలో చిటికెడు అల్ట్రామెరైన్ కలిపితే ఆ ఎర్రనీరు వచ్చింది.

నీటిరంగులతో ఒక చిక్కుంది. తెలుపంటే వదిలేసిన కాగితమే. నీటి మీద మెరుపు కావాలంటే ఆ చోటు ముందే అట్టేపెట్టుకోవాలి. తర్వాత తెచ్చుకుందామంటే రాదు.

1900 నుంచి 1997 దాకా ఆ వంతెన మీద రైళ్ళు నడిచాయి. ఇప్పుడు లేవు. నేను ఒకటి నడిపించాను. పక్కనున్న ఆర్చి వంతెన వదిలేశాను.

"చీటింగ్ అమ్మా! ఉన్న బ్రిడ్జి తీసేసి, లేని రైలు పెట్టావ్" అంది మా అమ్మాయి.

"నా కాగితం, నా గోదావరి" అన్నాను.

వెనకాల అమ్మ నిలబడి ఉంది.

"మెట్ల పక్కన టీ బడ్డీ ఏదే?"

ఫొటోలో ఉంది, చిరిగిన నీలం పట్టాతో. అక్కడ చెట్టు వేద్దామనుకున్నాను. ఇంకా రంగు పెట్టలేదు, కాగితం తెల్లగానే ఉంది.

"మీ నాన్నగారు రోజూ సాయంత్రం అక్కడికే. షుగరున్న మనిషి, పంచదార ఎక్కువేయించుకుని తాగొచ్చేవారు. నాకు తెలీదనుకునేవారు" అని నవ్వింది. ఇన్ని నెలల్లో ఆయన మాట తనంతట తను ఎత్తడం అదే మొదలు.

బడ్డీ వేశాను, చిరుగుతో సహా. ముందు బెంచీ కూడా. దాని మీద ఒక మనిషిని కూర్చోబెడదామని సన్నకుంచె తీశాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వద్దులే. బెంచీ చాలు."