తరూత్ నీడలో

నవంబర్ 9, జానెత్
అల్జీరియా ఆగ్నేయపు కొస. ఊరి బయట ఎండిపోయిన వాగులో మొదట కనిపించిన పరిచయస్తుడు జిల్లేడు! అదే మందపాటి ఆకు, తుంచితే అదే పాలు. రథసప్తమికి మా నాయనమ్మ నెత్తిన పెట్టి నీళ్లు పోసేది. దారి చూపించే తువారెగ్ పెద్దాయన చెయ్యి లాగేశాడు. "కంట్లో పడితే కష్టం." నాయనమ్మ మాటే.

నవంబర్ 10
తెఘర్ఘర్త్. ఇసుకలో ఒంటరి బండ, దానిమీద చెక్కిన ఆవులు. సాయంత్రం వాలు ఎండకు గీతలు లోతుగా తేలాయి. కంటి కింద చుక్క ఉంది, కన్నీరట. నీళ్ల కోసం వస్తే మడుగు ఎండిపోయి ఉందని ఇక్కడివాళ్లు చెప్పే కథ. కథ సంగతి ఎలా ఉన్నా, వేల ఏళ్ల కిందట ఇక్కడ పశువులు మేశాయన్నది నిజం. ఇప్పుడు జానెత్‌లో ఏడాదంతా కలిపి 3 సెంటీమీటర్ల వాన కూడా పడదు.

నవంబర్ 12
తఫిలాలెత్ కనుమ ఎక్కాం. సామాను గాడిదలది, ఆయాసం నాది. పైన పరుచుకున్న తస్సిలి నజ్జెర్ పేరుకు అర్థం ఏరుల పీఠభూమి. పేరు విని నవ్వాను గానీ, ఇసుకరాతిని ఇంత లోతుగా కోసింది ఆ పాత ఏరులే. రాతి గుంటల్లో వాననీరు నిలిస్తే దాన్ని గెల్తా అంటారు. ఒకదాని పక్కన గన్నేరు పూసింది.

నవంబర్ 13, తమ్రిత్
తరూత్. సహారాలో మరెక్కడా సహజంగా పెరగని సైప్రస్. సగం చెట్టు ఎండి వెండిరంగు తిరిగింది, మిగతా సగం పచ్చగా ఉంది. మాను తాడులా మెలితిరిగింది. రెమ్మను కంటి దగ్గర పెట్టుకుంటే పొలుసులాంటి ప్రతి ఆకుమీదా సన్నని తెల్లటి బంక చుక్క. కొన్ని చెట్ల వయసు రెండు వేల ఏళ్లు దాటిందంటారు. ఒకప్పుడు వీటి కలప ఇళ్లకూ తలుపులకూ పోయింది. లెక్కపెట్టినవాళ్లకు తేలినవి 233 చెట్లు.

రాత్రి
2001లో ఫ్రెంచి పరిశోధకులు బయటపెట్టిన సంగతి గుర్తొచ్చింది. ఈ చెట్టు పుప్పొడి నుంచే పిండం తయారవుతుంది. మధ్యధరా సైప్రస్ కాయలో పడినా పుట్టేది తరూతే. ఆ తల్లిది అద్దె గర్భం మాత్రమే. "అచ్చం నాన్న పోలికే" అని మనవాళ్లు మాటవరసకు అంటారు. ఇక్కడ పిల్లకు తల్లి వాటా బొత్తిగా లేదు.

నవంబర్ 14
చెట్టు కింద మోకాళ్లమీద అరగంట వెతికాను. రాలిన కాయలు, గాడిద పెంట. మొలక ఒక్కటీ లేదు. మొలిచినా తడి చాలదు, తడి ఉంటే మేకలు వదలవు. టీ కాచడానికని నేను ఏరుకొచ్చిన ఎండుపుల్లలను పెద్దాయన వాసన చూసి, ఒకటి పక్కకు తీసి, తెచ్చినచోటే పెట్టి వచ్చాడు. మిగతావి తుమ్మ పుల్లలు. మూడు గ్లాసుల టీ వాటిమీదే మరిగింది.

అటు వెళ్లేవాళ్లుంటే ఒక్క మాట: తరూత్ పుల్ల ఎండుదైనా సరే, మంటలో వేయకండి.