పడుకోబెట్టకండి ప్లీజ్!

ఎక్స్‌రే రూమ్‌లో నేను రోజంతా చెప్పే మాట ఒక్కటే... ‘పడుకోండి’. ఆరేళ్లుగా టెక్నీషియన్‌గా ఇదే పని. కానీ కొందరు పిల్లల్ని చూస్తే మాత్రం ఆ మాట అస్సలు అనకూడదు.

ఓ రాత్రి నాలుగేళ్ల బాబును తండ్రి ఎత్తుకొచ్చాడు. చేతిలో మెడ ఎక్స్‌రే చీటీ. పిల్లాడి ఒళ్లు కాలిపోతోంది. ముందుకు వంగి, గడ్డం చాచి కూర్చున్నాడు. చొంగ కారుతోంది, మింగలేకపోతున్నాడు. ఏడుద్దామన్నా గొంతు పెగలట్లేదు.

‘‘పడుకోబెట్టి తొందరగా తియ్యండి సార్’’ అన్నాడు తండ్రి.

‘‘వద్దన్నా, మీ ఒళ్లోనే ఉండనివ్వండి’’ అని డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశా.

‘‘పేదోళ్లమనేగా తియ్యట్లేదు!’’ అని అరిచాడాయన. నాకు చేతులు వణికాయి.

నాలుక మొదట్లో ఎపిగ్లాటిస్ అని ఓ చిన్న మూత ఉంటుంది. మింగేటప్పుడు మెతుకులు గాలిగొట్టంలోకి పోకుండా కాపాడేది అదే. ఇన్ఫెక్షన్‌తో అది వాచితే, పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో బొటనవేలిలా కనిపిస్తుంది. ‘థంబ్ సైన్’ అంటారు. కానీ ఆ ఫొటో కోసం వెల్లకిలా పడుకోబెడితే ఊపిరి దారే మూసుకుపోవచ్చు. బలవంతంగా నోరు తెరిచి చూసినా, ఏడిపించినా అంతే ప్రమాదం. అందుకే ముందు ఊపిరి, తర్వాతే ఫొటో.

డాక్టర్ పరిగెత్తుకొచ్చారు. బాబును తండ్రి ఒళ్లోనే ఉంచి థియేటర్‌కి తీసుకెళ్లారు. మత్తు డాక్టర్, ఈఎన్‌టీ డాక్టర్ కలిసి ట్యూబ్ వేశాక గానీ మాకు ఊపిరి ఆడలేదు. కొన్ని రోజులకు ఆ తండ్రే వచ్చి, ‘‘ఇడ్లీ తిన్నాడన్నా’’ అని చెప్పి వెళ్లాడు.

అన్నీ ఇలాంటివే ఉండవు. కుక్క మొరిగినట్టు దగ్గే ‘క్రూప్’లో గాలిగొట్టం పైభాగం పెన్సిల్ మొనలా సన్నగా కనిపిస్తుంది. చాలాసార్లు ఆ దగ్గు వింటేనే డాక్టర్‌కి తెలిసిపోతుంది, ఎక్స్‌రే అక్కర్లేదు.

బటన్ బ్యాటరీ మింగితే మాత్రం వెంటనే ఎక్స్‌రే కావాల్సిందే. చూడ్డానికి నాణెంలాగే ఉంటుంది కానీ, అంచు లోపల ఇంకో వలయం కనిపిస్తుంది. అన్నవాహికలో ఇరుక్కుంటే 2 గంటల్లోనే కాల్చేయగలదు. వాంతి చేయించకండి, ఆస్పత్రికి పరిగెత్తండి.

ఇక పల్లీ గింజ... ఎక్స్‌రేలో కనిపించదు! తింటూ పొలమారి, తర్వాత దగ్గు తగ్గకపోతే ‘ఎక్స్‌రే నార్మలే కదా’ అని ఊరుకోవద్దు. పొలమారిన సంగతి డాక్టర్‌కి చెప్పండి. అప్పుడు లోపలికి గొట్టం పంపి చూస్తారు.

ఎపిగ్లాటిస్ వాపుకు ఒకప్పుడు ప్రధాన కారణం హిబ్ బ్యాక్టీరియా. 6, 10, 14 వారాలకు ప్రభుత్వం ఉచితంగా వేసే పెంటావాలెంట్ టీకాలో దానికి రక్షణ ఉంది. మీ అక్కకో వదినకో చంటిబిడ్డ ఉంటే, టీకా కార్డు ఫొటో ఓసారి వాట్సాప్‌లో పంపమనండి. ఏ డోసైనా మిగిలిపోయిందేమో చూసి చెప్పండి.