చిలుకూరు అడవి, గండిపేట గట్టు

సెలవు రోజు వస్తే చాలు, సినిమాకో షాపింగుకో పోవడం మనకు అలవాటైపోయింది. వంటిల్లు, ఆఫీసు, మళ్ళీ వంటిల్లు... ఈ తిరుగుడులో ఊరికే నడవడం ఎంత బాగుంటుందో మర్చేపోయాం. అందుకే ఈసారి మీకు ఒక రోజంతా నడిచి, చూసి, సాయంత్రానికి ఇల్లు చేరే దారి చెబుతాను. ఖర్చు తక్కువ. మగవాళ్ళు వెంట ఉండి తీరాలన్న నియమమూ లేదు.

హైదరాబాదు మెహిదీపట్నం నుంచి మొయినాబాదు వైపు, చిలుకూరు వైపు బస్సులున్నాయి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకు టిక్కెట్టు డబ్బులు లేవు కదా, ఆధార్ కార్డు మాత్రం మర్చిపోకండి. కార్తీకమాసంలో ఒక ఆదివారం నేను నగరం నుంచి, మా అక్క చేవెళ్ళ నుంచి బయల్దేరి మొయినాబాదులో కలుసుకున్నాం. చేవెళ్ళ దారి మీకు తెలిసే ఉంటుంది, రోడ్డుకి రెండువైపులా మర్రిచెట్లు. అన్నీ కలిపి సుమారు 900 అంటారు. రోడ్డు వెడల్పు చేస్తే అవి పోతాయని చెట్లంటే ప్రాణమున్నవాళ్ళు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. నేనూ ఆ పక్షమే. కానీ అక్క రోజూ ఆ దారిన తిరిగే మనిషి. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును గుద్ది 19 మంది పోయారు. "చెట్లూ ఉండాలె, మనుషులూ ఉండాలె. ఏం జేస్తరో చెయ్యమను" అంది అక్క. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ముందు చిలుకూరు బాలాజీ దర్శనం. అక్కడ హుండీ ఉండదు. కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. వీసా కోసం వచ్చే పిల్లలు చేతిలో లెక్క కాగితం పట్టుకుని పరుగులాంటి నడక నడుస్తుంటారు. అక్క 11 చేసింది. ఏం కోరుకున్నావని నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

అక్కణ్ణుంచి మృగవని. 1994లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన చిన్న అడవి. విస్తీర్ణం మూడున్నర చదరపు కిలోమీటర్ల పైమాటే. అడవి అనగానే చీకట్లు కమ్మే మహావృక్షాలు ఊహించుకోకండి. మన దక్కను అడవి ఇది. పొదలు, ముళ్ళు, మోకాలెత్తు గడ్డి, మధ్యమధ్య ఎవరో పేర్చి పెట్టినట్టు గుండ్రాళ్ళు. చుక్కల దుప్పులు ఎక్కువ. కణుజులు, అడవి పందులు, నెమళ్ళు, కొండచిలువలు కూడా ఉన్నాయి. బయల్దేరే ముందు అటవీశాఖ వాళ్ళను వేళలు కనుక్కోండి. వాళ్ళు చూపిన దారి దాటి వెళ్ళకండి. చీర కడితే చీలమండ పైకి కట్టుకోండి, లేకపోతే గడ్డిముళ్ళు ఏరుకోవడానికే రాత్రంతా పడుతుంది. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. మా అక్క చీర మీద కాన్వాసు బూట్లు వేసుకొచ్చింది. దారిలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వనీ!

పొద్దున్నే వెళ్ళడం మంచిది. ఎండ ముదిరితే దుప్పులు నీడలోకి పోతాయి. మాకు ఒక మందే కనిపించింది, పది పన్నెండు ఉంటాయి. మమ్మల్ని చూసి అన్నీ ఒక్కసారే తలెత్తాయి. అక్క నా చెయ్యి పట్టుకుని ఊపిరి బిగబట్టింది. యాభై ఆరేళ్ళ మనిషి, చిన్నపిల్లయిపోయింది.

కార్తీకం కనుక వనభోజనం అనుకున్నాం గానీ, అడవిలో పొయ్యి వెలిగించకూడదు. అందుకని బయటికొచ్చి ఒక చెట్టు కింద డబ్బా విప్పాం. అక్క సర్వపిండి తెచ్చింది. నడకకు ఇంతకన్నా మంచి తిండి లేదండీ. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, ఉప్పు, కారం వేసి గట్టిగా కలపాలి. నూనె రాసిన మందపాటి గిన్నె అడుగున పలచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుకో చుక్క నూనె వేసి, మూతపెట్టి సన్నసెగ మీద కాల్చాలి. సాయంత్రం దాకా పాడవదు, చేతికి అంటదు. తిన్నాక ప్లాస్టిక్ కవర్లు అక్కడ పారెయ్యకండి, దుప్పులు తింటాయి.

అప్పుడు తీసింది అక్క, సంచీలోంచి ఒక కాగితం. మా పుట్టింటి పొలంలో మా ఇద్దరి హక్కూ వదులుకుంటున్నట్టు రాసిన పత్రం. తమ్ముడు పంపాడు. "సంతకం పెట్టమంటున్నడు. నువ్వేమంటవే?" అంది.

ఈ మాట మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే కనుక కాస్త చెబుతాను. ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చారు. 2005లో కేంద్ర చట్టం మారి పెళ్ళయిన కూతుళ్ళకూ కొడుకుతో సమానంగా వచ్చింది. ఆనాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పాత పంపకాల విషయంలో మెలికలుంటాయి, వకీలుకు చూపించాల్సిందే. తెలియక వదులుకోవడం వేరు, తెలిసి ఇవ్వడం వేరు.

మా పొలానికి ఇంకో చిక్కుంది. 1996లో వచ్చిన 111 జీవో కింద, జంట జలాశయాల చుట్టూ 84 ఊళ్ళలో ఫ్యాక్టరీలకూ పెద్ద కట్టడాలకూ అడ్డుకట్ట వేశారు. మాదీ అందులో ఒక ఊరు. పక్క మండలాల్లో ఎకరాలు కోట్లు పలుకుతుంటే మా నాన్న జీవితమంతా టమాటాలూ క్యారెట్లూ పండించి అప్పులు తీర్చాడు. 2022లో 69 జీవో తెచ్చి ఆ ఆంక్షలు తీస్తామన్నారు, తగువు కోర్టుకెక్కింది. ధరలు మాత్రం లేచాయి. తమ్ముడికి ఇద్దరు కూతుళ్ళు, అప్పు ఉంది. అమ్ముతానంటున్నాడు.

"లేచి నడుద్దాం పద" అన్నాను. గండిపేట చెరువు చూస్తూ మాట్లాడుకోవచ్చని.

గండిపేట అంటే ఉస్మాన్‌సాగర్. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారట. అలాంటి వరద మళ్ళీ రాకూడదని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నాకు ముచ్చటేసేది ఇంకొకటి. ఇక్కడి నీళ్ళు మోటార్లు లేకుండా వాలు మీదే కాలువలో ఆసిఫ్‌నగర్ దాకా పోతాయి, అక్కడ శుద్ధి చేసి నగరానికి ఇస్తారు.

2022లో గట్టు దగ్గర కొత్త పార్కు పెట్టారు. పిల్లలతో వెళ్తే అది సుఖం. మాకు ఒడ్డున నడవడమే నచ్చింది. నీరు వెనక్కి తగ్గినచోట ఇసుకా మట్టీ కలిసి మెత్తగా ఉంటుంది. కొంగలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. నీటికాకులు రాళ్ళమీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్నాయి. దిగి ఈదాలని చూడకండి, లోతు తెలీదు, పైగా తాగే నీరు.

అక్క నీళ్ళవైపు చూస్తూ "నువ్వు తాగేది ఈ నీళ్ళేనా?" అంది. ఔనన్నాను. "మా ఊరు పొలంగ ఉంటేనే నీకు నీళ్ళు మంచిగొస్తయి. గని పొలంగ ఉంచినందుకు తమ్మునికెవరేమిచ్చిన్రు?"

చూశారా ప్రశ్న! నగరంలో కూర్చుని ఆ ఊళ్ళు పచ్చగా ఉండాలనడం నాకు తేలిక. రైతుకు ఆ పచ్చదనం ఖరీదు ఎవరో కట్టాలి కదా. మా వాటా వదులుకోకుండా, తమ్ముడి అప్పు మటుకు ముగ్గురం పంచుకుంటే ఎలా ఉంటుందని అడిగాను. అక్క వెంటనే ఏమీ అనలేదు. చాలాసేపు ఒడ్డున రాళ్ళు ఏరి నీళ్ళలోకి విసిరింది. తర్వాత కాగితం మడిచి మళ్ళీ సంచీలో పెట్టుకుని, "సంతకం గీడ గాదు, వాని ముంగట ఇంట్ల కూసొని మాట్లాడినంకనే" అంది.

తిరుగుదారిలో మొయినాబాదు రోడ్డుపక్క క్యారెట్లు కొన్నాం, ఆకులతో సహా. ఆ ఆకు సన్నగా తరిగి పెసరపప్పుతో కూర చేసుకోవచ్చు. చీకటి పడేలోగా బస్సు దొరికేలా చూసుకోండి, ఆదివారం సాయంత్రాలు రద్దీ ఎక్కువ.

వచ్చేనెల తమ్ముణ్ణీ మరదల్నీ కూడా గండిపేట రమ్మన్నాం. ఈసారి సర్వపిండి తనే చేస్తానంది మరదలు.